అమిష్ ఊయల, అమ్మమ్మ పట్టుదల

ప్రశ్న: మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. నాకిప్పుడు ఆరో నెల, మొదటి కాన్పు. పోయిన శనివారం హోమ్స్ కౌంటీ వెళ్ళి, బెర్లిన్ అనే ఊళ్ళో అమిష్ వాళ్ళు (పాతకాలం పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ సంఘం వాళ్ళు) చేసిన చెర్రీ చెక్క క్రిబ్, అంటే చుట్టూ కటకటాలున్న పసిపిల్లల మంచం ఒకటి, దానికి జతగా ఊగే ఊయల ఒకటి చూశాం. రెండూ కలిపితే రెండు వేల డాలర్లు దాటుతోంది. మావారేమో "పెద్ద స్టోర్‌లో రెండొందలకే క్రిబ్ వస్తుంటే ఇదెందుకు" అంటున్నారు. తెనాలి నుంచి పురిటికి రాబోతున్న మా అమ్మ వీడియో కాల్‌లో ఆ ఊయల చూసి, "క్రిబ్బూ గిబ్బూ నాకు తెలీదు, ఊయల లేకుండా బారసాల ఏమిటే" అని పట్టుబట్టింది. ఈలోగా మావారి ఆఫీసులో ఒకాయన తమ పిల్లలు వాడిన క్రిబ్ ఊరికే ఇస్తానన్నారు. అదీ అమిష్ వాళ్ళు చేసిందేనట, 2005లో కొన్నారట, ఒక పక్క కటకటాలు కిందికి జారతాయట. ఏది తీసుకోవాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.
– కాబోయే అమ్మ, కొలంబస్

జవాబు: అమ్మా, ముందు ఊరికే వచ్చేదాని సంగతి తేల్చేద్దాం. వద్దనండి. ఆలోచించాల్సిన పని కూడా లేదు.

పక్క కిందికి జారే క్రిబ్‌ను అమెరికాలో తయారు చేయడం, అమ్మడం 2011 జూన్ 28 నుంచి నిషేధం. బిడ్డను వంగి తీసుకోవడానికి సులువని ఒకప్పుడు అందరూ కొన్నవే అవి. వాటిలో తప్పు చెక్కది కాదు, ఆ పక్కను పైకీ కిందికీ నడిపే చిన్న చిన్న బిగింపులది. రోజుకు పదిసార్లు లేపుతూ దించుతూ ఉంటే అవి అరుగుతాయి, విరుగుతాయి. ఒక మూల ఊడిపోతే ఆ పక్క వాలి, పరుపుకూ కటకటాలకూ మధ్య సందు ఏర్పడుతుంది. పసిబిడ్డ దొర్లి అందులోకి జారితే తిరిగి పైకి రాలేదు. ఇలా 30 మందికి పైగా పిల్లలు పోయాకే ఆ నిషేధం వచ్చింది. అలాంటి పాత క్రిబ్‌లను అమ్మొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, విప్పి పారేయండని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషనే చెబుతోంది. ఆయన మంచి మనసుతో ఇస్తున్నారు కాబట్టి నొచ్చుకోకుండా ఈ రూల్ సంగతే చెప్పండి. బహుశా ఆయనకు తెలిసి ఉండదు. ఎవరు చేశారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఎంత మంచి వడ్రంగి చేసినా జారే పక్క జారే పక్కే.

ఇక మీ ఆయన మాట. భద్రత వరకూ చూస్తే ఆయన చెప్పింది నిజమే, ముందు అది ఒప్పుకోవాలి. కొత్తగా అమ్మే ప్రతి క్రిబ్‌కూ ఒకటే రూలు. కటకటాల మధ్య సందు 2 అంగుళాల 3/8కి మించకూడదు, అంటే ఆరు సెంటీమీటర్లు. మూల గుంజలు పక్కల కంటే పైకి పొడుచుకు రాకూడదు, ఎందుకంటే బిడ్డ చొక్కా వాటికి తగులుకోవచ్చు. రంగులో సీసం మిలియన్‌కు 90 పాళ్ళు దాటకూడదు. బరువు వేసి, ఊపి, కుదిపి బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. రెండొందల డాలర్ల క్రిబ్ ఈ పరీక్షలన్నీ నెగ్గాకే స్టోర్‌కు వస్తుంది. పదిహేను వందలదీ అంతే. చిన్న వర్క్‌షాప్ కదా, ఇంట్లో నలుగురు కలిసి చేసుకునే పని కదా అని అమిష్ వాళ్ళకు మినహాయింపేమీ లేదు. కొన్ని రకాల పిల్లల వస్తువులకు చిన్న తయారీదారులకు సడలింపు ఉంది గానీ క్రిబ్ అందులో లేదు. కాబట్టి ఎక్కువ డబ్బు పెడితే బిడ్డ ఎక్కువ క్షేమంగా ఉంటుందని మాత్రం కొనకండి.

మరి ఆ డబ్బు దేనికి? చెక్కకీ, పనితనానికీ, అది నిలిచే ఏళ్ళకీ.

మన దగ్గర పెళ్ళికి టేకు మంచం చేయించినట్టు, అక్కడ ఓక్, చెర్రీ, మేపుల్, హికరీ, వాల్‌నట్. వీటిలో ఒక్కోదానికి ఒక్కో గుణం. హికరీ చాలా గట్టిది, గోరు దిగదు. మేపుల్ కూడా గట్టిదే, నున్నగా, లేత రంగులో ఉంటుంది. ఓక్‌కు చార కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీరు చూసిన చెర్రీ వీటన్నిటి కంటే కొంచెం మెత్తన, అయినా ఇంటి సామానుకు బ్రహ్మాండంగా సరిపోతుంది. దాని తమాషా ఏమిటంటే, వెలుతురు తగిలేకొద్దీ రంగు ముదురుతుంది. షాపులో లేత గోధుమ రంగులో చూసినది ఏడాది తిరిగేసరికి ఎర్రమట్టి కుండ రంగుకు వస్తుంది. అందుకే మొదటి కొన్ని నెలలు దాని మీద దుప్పటి మడత ఒకేచోట వేసి ఉంచితే, తీసి చూసినప్పుడు ఆ మేర తెల్లగా మచ్చ మిగులుతుంది. ఇది లోపం అనుకుని షాపుకు ఫోన్ చేసి పోట్లాడినవాళ్ళు నాకు తెలుసు.

"చేత్తో చేసినది" అనే మాట గురించి కూడా కొంచెం చెప్పాలి. ఉలి, సుత్తి పట్టుకుని గడ్డం తాత ఒక్కడే దీపం వెలుతురులో క్రిబ్ చెక్కుతున్నట్టు ఊహించుకుంటాం. నేనూ అలాగే ఊహించుకుని వెళ్ళాను. లోపలికి అడుగుపెడితే రంపం గోల! కరెంటు లైను వాడకూడదన్నది వాళ్ళ సంఘం కట్టుబాటు గానీ, యంత్రమే వద్దని కాదు. బయట షెడ్డులో డీజిల్ ఇంజిన్ తిరుగుతుంటుంది. అక్కడి నుంచి గొట్టాల్లో గాలిని ఒత్తిడితో లోపలికి పంపి, దాంతోనే రంపాలూ, సాన యంత్రాలూ తిప్పుతారు. పైకప్పుకు అద్దాలు పెట్టి పగటి వెలుతురులో పని చేసుకుంటారు. దేన్ని వాడొచ్చు, దేన్ని వాడకూడదన్నది ఒక్కో సంఘం తనకు తాను నిర్ణయించుకుంటుంది, అందుకే పక్కపక్క ఊళ్ళలోనే తేడాలుంటాయి. ఇంతకీ యంత్రంతో కోసిందని చిన్నచూపు అక్కర్లేదు. చూడాల్సింది అతుకు. ఒక చెక్కకు తొలిచిన రంధ్రంలో ఇంకో చెక్క నాలుక బిగుతుగా దిగి కూర్చుంటే, ఆ అతుకు పాతికేళ్ళు కదలదు. పొట్టు నొక్కి అట్టలా చేసిన బల్లకు స్క్రూ దింపితే ఒకటి రెండుసార్లు విప్పి బిగించేసరికే రంధ్రం వదులవుతుంది. ఇల్లు మారినప్పుడల్లా విప్పాల్సిన సామానుకు ఇది పెద్ద తేడా.

ఇంకో సంగతి. మీకు ఆన్‌లైన్‌లో కనిపించే అమిష్ ఫర్నిచర్ షాపుల్లో చాలావాటిని నడిపేది అమిష్ వాళ్ళు కాదు. వాళ్ళ దగ్గర ఆర్డర్ పెట్టి తెప్పించి అమ్మేవాళ్ళు. అందులో మోసమేమీ లేదు, కంప్యూటర్ లేనివాడికి వెబ్‌సైట్ ఎవరో ఒకరు నడపాలి కదా. కానీ ఏ కౌంటీలో, ఏ వర్క్‌షాప్‌లో చేశారని అడిగితే జవాబు రావాలి. నీళ్ళు నమిలితే అక్కడ కొనకండి. అన్నట్టు అమిష్ వాళ్ళు తమవాళ్ళు కానివాళ్ళందర్నీ 'ఇంగ్లీష్ వాళ్ళు' అంటారు. తెనాలి నుంచి వచ్చిన మీ అమ్మగారు కూడా అక్కడ ఇంగ్లీష్ ఆవిడే! ఆవిడకు చెప్పండి, నవ్వుకుంటారు.

నా లెక్క ఇదీ. మీరు ఇంకో రెండు మూడేళ్ళలో ఇండియా వెళ్ళిపోయే ఆలోచనలో ఉన్నా, ఉద్యోగం కోసం ఊళ్ళు మారే పరిస్థితి ఉన్నా, రెండొందల క్రిబ్ కొని నిశ్చింతగా ఉండండి. అక్కడే ఉండేట్టయితే, రెండో బిడ్డ ఆలోచన కూడా ఉంటే, మంచంగా మారే రకం చెర్రీ క్రిబ్‌కు ఆ ధర దండగ కాదు. ముందు క్రిబ్, తర్వాత ఒక పక్క తీసేసి చిన్నపిల్లల మంచం, ఆ తర్వాత రెండు చివరలనూ తల వైపు, కాళ్ళ వైపు పలకలుగా పెట్టి పెద్ద మంచం.

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను, మీరు తినకండి. మా పెద్దమ్మాయికి అలా మారే ఓక్ క్రిబ్ కొన్నప్పుడు, పెద్ద మంచానికి కావాల్సిన పక్క చెక్క బద్దలు విడిగా కొనాలన్నారు. "అప్పుడు చూద్దాంలే, దానికింకా ఐదేళ్ళుంది" అనుకుని మిగిలిన డబ్బు పెట్టి స్ట్రోలర్ కొన్నాను. ఐదేళ్ళ తర్వాత ఫోన్ చేస్తే ఆ మోడల్ చేయడం మానేశామన్నారు. బద్దల రంధ్రాలు ఇంకే మోడల్‌వీ కలవలేదు. చివరికి ఊళ్ళో ఒక వడ్రంగిని పట్టుకుని కొలతలిచ్చి చేయించాను. చెక్క కలిసింది, రంగు మాత్రం ఇప్పటికీ కలవదు. మా అమ్మాయి ఆ మంచం మీదే పడుకుంటుంది, వచ్చినవాళ్ళందరికీ ఆ రెండు బద్దలూ చూపించి నన్ను ఆటపట్టిస్తుంది. మీరు కొంటే బద్దలూ, బోల్టులూ, వాటిని బిగించే రెంచ్ అన్నీ అదే రోజు, అదే చెక్కలో, అదే రంగులో తీసుకోండి. రెంచినీ, విడి బోల్టులనూ ఒక కవర్లో వేసి క్రిబ్ అడుగున టేపుతో అంటించేయండి. డ్రాయర్‌లో పెడితే దొరకవు.

షాపుకు మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక టేపు, ఒక కూల్‌డ్రింక్ టిన్ను పట్టుకెళ్ళండి. నవ్వకండి, టిన్ను పాత చిట్కా. కటకటాల మధ్య అది దూరితే ఆ క్రిబ్ వద్దు. ఆ తర్వాత రెండు చేతులతో పైకమ్మీ పట్టుకుని గట్టిగా కుదపండి, మర్యాదకు పోకండి. కిర్రుమన్నా, వంగినా కారణం అడగండి. అరచేత్తో లోపలి వైపు ప్రతి కటకటా కింది దాకా నిమరండి. కంటికి కనపడని చెక్క పేడు చేతికి తగులుతుంది. వంగి అడుగు చూడండి, తయారుచేసినవాళ్ళ పేరు, ఊరు, నెల, సంవత్సరం ఉన్న లేబుల్ అంటించి ఉండాలి. పరీక్ష జరిగిందని చెప్పే సర్టిఫికెట్ అడిగితే చూపించాలి. క్రిబ్‌తో పాటు ఒక రిజిస్ట్రేషన్ కార్డు ఇస్తారు, చాలామంది అట్టపెట్టెతో పాటు పారేసేది దాన్నే. నింపి పంపండి, రేపు ఏదైనా లోపం బయటపడి వెనక్కి పిలిస్తే మీకు ఉత్తరం వచ్చేది దాని వల్లే.

పరుపు సాధారణంగా క్రిబ్‌తో రాదు, విడిగా కొనాలి. గట్టిగా ఉండాలి, మందం ఆరంగుళాలు మించకూడదు. వేశాక పరుపు అంచుకూ కటకటాలకూ మధ్య మీ రెండు వేళ్ళు పడితే అది చిన్న పరుపు, మార్చండి. పూత గురించి కూడా అడగండి. అమిష్ సామానుకు చాలాచోట్ల కన్వర్షన్ వార్నిష్ వేస్తారు, అది బాగా ఆరాక గట్టిగా ఉంటుంది, నీళ్ళు పడినా పాడవదు. కొత్తలో వాసన మాత్రం ఉంటుంది. అందుకే కాన్పు ముందు వారం కాకుండా కనీసం నెల ముందే ఇంటికి తెచ్చి, గది కిటికీలు తీసి ఉంచండి. చలికాలంలో హీటర్ వేస్తే గదిలో గాలి పొడిబారి చెక్క కొంచెం ముడుచుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. రెండు మూడు నెలలకొకసారి బిగించుకోవాలి. ఇది ఏ చెక్కకైనా తప్పదు.

ఆర్డర్ ఇచ్చి చేయించుకుంటే రెండు మూడు నెలలు పట్టడం మామూలు. మీకు మిగిలింది అంతే. కాబట్టి చేయించుకోవాలంటే ఈ వారమే ఆర్డర్ ఇచ్చి తేదీ కాగితం మీద రాయించుకోండి, లేదా షాపులో రెడీగా ఉన్నదే తీసుకోండి.

ఇప్పుడు అసలు గొడవ, ఊయల.

అమ్మగారి మాటలో ఉన్నది మొండితనం కాదు. మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టిందంటే ఊయల కట్టారా అని అడుగుతారు, మంచం కొన్నారా అని కాదు. పదకొండో రోజో ఇరవయ్యొకటో రోజో బిడ్డను ఊయల్లో వేసి, పేరు చెవిలో చెప్పి, ముత్తైదువులు పాట పాడితేనే బారసాల అయినట్టు. ఆ తంతుకు ఊయల కావాలి, అందులో అనుమానం లేదు. అయితే తంతుకు కావాల్సింది పది నిమిషాల ఊయల. రాత్రంతా పడుకోవడానికి కావాల్సింది వేరు.

మీరు చూసిన చెక్క ఊయల రూలుకు సరిపోయేదే అయితే దాంట్లో బిడ్డను పడుకోబెట్టొచ్చు. నాకున్న అభ్యంతరం ధర. ఊయల పనికొచ్చేది మహా అయితే ఐదు నెలలు. బిడ్డ చేతులూ మోకాళ్ళూ ఆనించి లేవడం మొదలుపెట్టిన రోజే దాన్ని పక్కన పెట్టేయాలి, లేకపోతే తల్లకిందులవుతుంది. క్రిబ్‌లోనైతే పుట్టిన రోజు నుంచీ పడుకోబెట్టొచ్చు. మొదట్లో పరుపును పై మెట్టులో పెట్టుకుంటే మీకు నడుము నొప్పి ఉండదు, బిడ్డ కూర్చోవడం నేర్చుకునే సమయానికి కింది మెట్టుకు దించాలి. ఎత్తు 35 అంగుళాలు వచ్చేదాకా అందులోనే. క్రిబ్ ఉన్న ఇంట్లో ఐదు నెలల కోసం ఇంకో ఎనిమిది వందలో వెయ్యో పెట్టడం నా మనసుకు ఒప్పలేదు.

అయినా కొనాలనుకుంటే గుంజల మధ్య వేలాడే రకంలో, ఊపడం ఆపాక కదలకుండా బిగించే పుల్ల ఉన్నది చూడండి. ఊయల ఆగినప్పుడు అడుగు సమంగా నిలవాలి. ఒక పక్కకు వాలి ఆగితే బిడ్డ ఆ వైపుకు దొర్లి, ముఖం కటకటాలకు ఆనుకుంటుంది. పసికందుకు తల తిప్పుకునే బలం ఉండదు. అందుకే షాపులో ఊపి వదిలేసి, ఆగేదాకా నిలబడి చూడండి. దానికిచ్చిన పలుచని పరుపు తప్ప పైన ఇంకోటి పరవకూడదు.

అమ్మగారు వచ్చాక ఒకటి రెండు చోట్ల మాట పట్టింపు రావచ్చు, ముందే చెబుతున్నాను. తలకు మెత్తని దిండు, పక్కన బొంత చుట్ట, కటకటాల చుట్టూ మెత్తలు, పైన దుప్పటి. ఆవిడ ప్రేమగా కుట్టి తెస్తారు కూడా. అమెరికా పిల్లల డాక్టర్లు చెప్పేది మాత్రం ఒకటే: ఏడాది నిండేదాకా ప్రతి నిద్రకూ వెల్లకిలా, గట్టి పరుపు మీద, ఆ పరుపుకే దుప్పటి బిగుతుగా తొడిగి, ఇంకేమీ లేకుండా. మెత్తల సంగతైతే 2022లో చట్టమే వచ్చింది, క్రిబ్ చుట్టూ కట్టే దూది మెత్తలు అమ్మడం నిషేధం. నిద్రకు చీర ఉయ్యాల కూడా వద్దు. చీర వంపులో గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి సాఫీగా ఆడదు. అమ్మగారితో "మీరు తప్పు చేశారు" అనే మాట రానివ్వకండి, మనమందరం ఆ చీరలోనే పెరిగాం. హాస్పిటల్లో మీ డిశ్చార్జ్ రోజు నర్సు చెప్పేటప్పుడు ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి. కూతురు చెబితే వినని మాట నర్సు చెబితే వింటారు, నా అనుభవం ఇది. తెచ్చిన బొంతలు బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి బోర్లా పడుకోబెట్టడానికి బంగారంలా పనికొస్తాయి.

బారసాలకు ఊయల ఎక్కడిదంటారా? కొలంబస్‌లో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. బారసాల ఊయలలు, పూల అలంకరణతో సహా, ఒకరి ఇంటి నుంచి ఒకరింటికి తిరుగుతూనే ఉంటాయి. గుడి దగ్గర అడగండి, ఎవరి గరాజ్‌లోనో ఒకటి ఉంటుంది. బిడ్డను వేసి, పాట పాడి, ఫొటో తీసుకుని, నిద్రపోయేలోపు క్రిబ్‌లోకి మార్చేయండి.

ఇక ఆ ఊయలకు పెట్టాల్సిన డబ్బులో సగంతో ఇంకో పని చేయొచ్చు. అవే ఊళ్ళల్లో హికరీ చువ్వలను ఆవిరి పట్టి వంచి రాకింగ్ చైర్ చేస్తారు. వెనక నడుముకు తగ్గట్టు వంపు, రెండు వైపులా వెడల్పాటి చేతులు. అది అమ్మగారికి కొనివ్వండి. మనవణ్ణో మనవరాలినో ఒళ్ళో వేసుకుని తనివితీరా ఊగుతారు, జోల పాడతారు. ఐదు నెలలకు పక్కన పెట్టే వస్తువూ కాదు, ఆవిడ తెనాలి వెళ్ళిపోయాక రాత్రి పాలిచ్చేటప్పుడు మీకే పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, కునుకు వస్తుందనిపించిన క్షణమే బిడ్డను క్రిబ్‌లో పడుకోబెట్టేయాలి, అమ్మగారైనా మీరైనా. కుర్చీలో బిడ్డతో నిద్రపోవడం ఊయల కంటే ప్రమాదం.

ఆర్డర్ ఇవ్వడానికి శనివారం పొద్దున్నే బయల్దేరండి. ఆదివారం వెళ్తే దాదాపు అన్నీ మూసి ఉంటాయి, రెండు గంటల డ్రైవ్ దండగ. సామాను ఎంతైనా ఫొటో తీసుకోండి గానీ, మనుషుల ముఖాలు తీయకండి, వాళ్ళకు ఇష్టముండదు. మళ్ళీ వీడియో కాల్ పెడితే అమ్మగారికి ఊయల వైపు కాకుండా కుర్చీ వైపు తిప్పి చూపించండి.